టెక్సస్ ప్రైమరీలో ఓటు వేయడం ఎలా? ఇక్కడ బీ-ఫారం ఇచ్చేది మీరే

మన దగ్గర ఎన్నికలొస్తే టికెట్ ఎవరికో అధిష్ఠానం తేలుస్తుంది. నామినేషన్ల ఆఖరి రోజు దాకా టెన్షనే. చివరికి ఎవరి చేతిలో బీ-ఫారం పడితే వాళ్లే అభ్యర్థి. అందులో ఓటరును అడిగేవాళ్లుండరు. అమెరికాలో ఆ బీ-ఫారం ఇచ్చే పని ఓటర్లకే అప్పగించారు. దానికోసం విడిగా జరిపే ఎన్నికే ప్రైమరీ. టెక్సస్‌లో ఈసారి అది 2026 మార్చి 3, మంగళవారం. రిపబ్లికన్, డెమోక్రటిక్ పార్టీలు రెండూ అదే రోజు తమ అభ్యర్థులను తేల్చుకుంటాయి.

అసలు ఎన్నిక నవంబరులో ఉందిగా, అప్పుడు చూద్దాంలే అనుకుంటారు చాలామంది. టెక్సస్‌లో ఆ లెక్క కుదరదు. రాష్ట్రమంతా కలిసి ఓటు వేసే పదవుల్లో 1994 తర్వాత డెమోక్రాట్లు ఒక్కటీ గెలవలేదు. ఈ ముప్పై ఏళ్లలో గవర్నరు ఎవరు, సెనేటరు ఎవరు అన్నది చాలాసార్లు రిపబ్లికన్ ప్రైమరీలోనే తేలిపోయింది. ఆస్టిన్, డాలస్ నగరాల లోపలి సీట్లలో చాలావాటికి డెమోక్రటిక్ ప్రైమరీయే అసలు పోటీ. అయినా 2022 ప్రైమరీలో రెండు పార్టీలకూ కలిపి ఓటు వేసినవాళ్లు, నమోదైన ఓటర్లలో ఐదో వంతు కూడా లేరు. అంత తక్కువమంది వేసే చోట ఒక్కో ఓటుకూ బరువెక్కువ. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, కేటీ, షుగర్‌ల్యాండ్, రౌండ్‌రాక్‌లలో ఇళ్లు కొనుక్కుని, పౌరసత్వం కూడా తీసుకున్న మనవాళ్లు ముందు పట్టించుకోవాల్సింది మార్చినే అని నా అభిప్రాయం.

మొదట: మీకు ఓటు ఉందా?

అమెరికా పౌరులకే ఉంది. హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లకు లేదు. గ్రీన్ కార్డు వచ్చి పదేళ్లయినా సరే, లేదు. ఇది అందరికీ తెలిసిందే కదా అనిపిస్తుంది గానీ, ప్రమాదం ఎక్కడో కాదు, డ్రైవింగ్ లైసెన్సు ఫారంలోనే ఉంటుంది. ఓటరుగా నమోదు చేయమంటారా అన్న ప్రశ్న అందులోనే వస్తుంది. తొందరలో అన్నిటికీ ‘యస్’ కొట్టుకుంటూ పోతే, పౌరులు కానివాళ్లకు తర్వాత ఇమిగ్రేషన్ దగ్గర పెద్ద చిక్కే అవుతుంది. సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటేశారా అని సూటిగా అడుగుతారు. కాబట్టి ఆ గడి దగ్గర ఒక్క నిమిషం ఆగి చదవండి. తోడుగా వచ్చిన అమ్మానాన్నల ఫారం కూడా మీరే చూడండి.

నమోదు: ఫిబ్రవరి 2 లోపు

ఎన్నికకు 30 రోజుల ముందే ఓటరు జాబితాలో చేరాలన్నది టెక్సస్ నిబంధన. ఈసారి ఆ గడువు 2026 ఫిబ్రవరి 2. ఇంత సాఫ్ట్‌వేర్ ఉన్న రాష్ట్రంలో కొత్త ఓటరు ఆన్‌లైన్‌లో నమోదు కావడం మాత్రం కుదరదు. వెబ్‌సైట్‌లో ఫారం నింపవచ్చు గానీ, దాన్ని ప్రింట్ తీసి, సంతకం పెట్టి, మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఓటరు రిజిస్ట్రారుకు పోస్టులో పంపాలి, లేదా చేతికే ఇవ్వాలి. పోస్టు ముద్ర గడువులోపల పడితే చాలు. ఆన్‌లైన్‌లోనే పూర్తయ్యే దారి ఒక్కటే: డ్రైవింగ్ లైసెన్సు రెన్యూవల్‌తో పాటు చేసుకోవడం.

ఇదివరకే నమోదైనవాళ్లు రాష్ట్ర ప్రభుత్వ ఎన్నికల సైట్‌లో తమ పేరు ఒకసారి చూసుకోవాలి. ఇల్లు మారితే, ముఖ్యంగా డెంటన్ నుంచి కాలిన్‌కో, హారిస్ నుంచి ఫోర్ట్‌బెండ్‌కో కౌంటీ దాటితే, కొత్తగా నమోదు కావాలి. పాత కౌంటీ నమోదు కొత్త చోట చెల్లదు.

ఈసారి చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. 2025 ఆగస్టులో టెక్సస్ శాసనసభ కాంగ్రెస్ నియోజకవర్గాల సరిహద్దులను మళ్లీ గీసింది. ఫెడరల్ కోర్టు దాన్ని నవంబరులో ఆపింది. డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేయడంతో 2026కి కొత్త పటమే అమల్లో ఉంది. మీరు ఇల్లు కదలకపోయినా మీ నియోజకవర్గం కదిలి ఉండవచ్చు.

పేర్ల తిప్పలు

మనవాళ్లు నిజంగా తడబడేది ఇక్కడే. ఇంటిపేరు ముందా, వెనకా? ఒక కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క అక్షరమే ఉంటుంది. వెంకట సత్యనారాయణ మూర్తి అన్న పేరును లైసెన్సు మీద ‘వెంకట’ దగ్గరే ఆపేస్తారు. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్న కొందరి ఇంటి పెద్దలు వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అయిపోయి, పౌరసత్వం తీసుకునేటప్పుడు పేరు సరిచేయించుకున్నారు. అయితే లైసెన్సు మాత్రం పాత పేరుతోనే ఉండిపోయింది.

పోలింగ్ కేంద్రంలో కార్డు మీది పేరు, జాబితాలోని పేరు అచ్చం ఒకేలా ఉండనక్కర్లేదు. దగ్గరగా ఉంటే చాలు. అప్పుడు రెండు పేర్లూ ఒకే మనిషివి అని చెప్పే గడిలో మీ ఇనీషియల్స్ వేయిస్తారు, అంతే. పేరే మారిపోయి ఉంటే మాత్రం ముందుగా సోషల్ సెక్యూరిటీలో, తర్వాత లైసెన్సులో, ఆ తర్వాత ఓటరు నమోదులో ఈ వరసలో మార్పించుకోవడం మేలు. ఓటు రోజున కౌంటర్ దగ్గర మన పేర్ల చరిత్ర వివరించే ఓపిక ఎవరికీ ఉండదు.

చెల్లే గుర్తింపు కార్డులు ఏడు రకాలు. మనకు పనికొచ్చేవి టెక్సస్ లైసెన్సు, టెక్సస్ ఐడీ కార్డు, అమెరికా పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పౌరసత్వ సర్టిఫికెట్. గడువు తీరి నాలుగేళ్లు దాటకపోతే 69 ఏళ్ల వరకు వయసువాళ్ల కార్డు చెల్లుతుంది. 70 నిండితే ఎప్పుడో గడువు తీరినదైనా చెల్లుతుంది. కార్డు మీద చిరునామా పాతదైనా ఫర్వాలేదు. కార్డు ఇంట్లో మరిచిపోతే తాత్కాలిక బ్యాలెట్ ఇస్తారు. ఆరు రోజుల్లోపు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లి కార్డు చూపిస్తేనే ఆ ఓటు లెక్కలోకి వస్తుంది.

ఏ పార్టీ బ్యాలెట్?

టెక్సస్‌లో ఓటరు నమోదులో పార్టీ పేరు ఉండదు. సభ్యత్వం, చందా ఏమీ అక్కర్లేదు. పోలింగ్ బల్ల దగ్గర ‘ఏ పార్టీ?’ అని అడిగినప్పుడు మీరు చెప్పిందే మీ పార్టీ. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి. రిపబ్లికన్ గవర్నరు అభ్యర్థికి ఒకటి, డెమోక్రటిక్ కౌంటీ జడ్జికి ఇంకొకటి అంటే కుదరదు. రిపబ్లికన్ పార్టీ ఈ పద్ధతిని మార్చి, తమ పార్టీవాళ్లకే ఓటుండాలని 2025లో కోర్టుకు కూడా వెళ్లింది.

పార్టీ పేరు చెప్పగానే జీవితాంతం ముద్ర పడిపోతుందేమో అని భయపడేవాళ్లున్నారు. ఆ ముద్ర ఆ ఏడాది డిసెంబరు 31 వరకే. నవంబరులో మీ ఇష్టమొచ్చిన వాళ్లకు వేసుకోవచ్చు. మీరు ఎవరికి వేశారన్నది రహస్యమే, కానీ ఏ పార్టీ ప్రైమరీలో వేశారన్నది మాత్రం బహిరంగ రికార్డు. ఓటేసిన తర్వాత ఆ పార్టీ ఫోన్లు, మెసేజీలు, పోస్టులో రంగురంగుల కార్డులు మొదలైతే కారణం అదే.

మరి ఎలా తేల్చుకోవాలి? మీ మనసు ఏ పార్టీ వైపన్నది ఒక లెక్క. మీ ఇంటి చిరునామాకు ఏ ప్రైమరీలో నిజమైన పోటీ ఉందన్నది ఇంకో లెక్క. ఈసారి సెనేటు సీటుకు రెండు వైపులా పోటీ గట్టిగానే ఉంది. రిపబ్లికన్లలో 2002 నుంచి గెలుస్తూ వస్తున్న జాన్ కార్నిన్‌ను అటార్నీ జనరల్ కెన్ పాక్స్‌టన్, హ్యూస్టన్ కాంగ్రెస్ సభ్యుడు వెస్లీ హంట్ ఎదుర్కొంటున్నారు. డెమోక్రాట్లలో కాంగ్రెస్ సభ్యురాలు జాస్మిన్ క్రాకెట్, రాష్ట్ర శాసనసభ్యుడు జేమ్స్ టాలరికో తలపడుతున్నారు.

బ్యాలెట్ ఇంట్లోనే చదవండి

టెక్సస్ బ్యాలెట్ పెళ్లి పిలుపుల జాబితాలా సాగుతూనే ఉంటుంది. జడ్జీలను కూడా ఇక్కడ పార్టీల పేరు మీదే ఎన్నుకుంటారు. హారిస్ లాంటి పెద్ద కౌంటీలో జడ్జీల పేర్లే పేజీలు పేజీలు. ‘రైల్‌రోడ్ కమిషనర్’ అన్న పదవి కనిపిస్తుంది. ఆ పదవికి ఇప్పుడు రైళ్లతో పనే లేదు, అది చూసేది చమురు, గ్యాస్ వ్యవహారం. అంటే ఈ రాష్ట్రంలో అన్నిటికన్నా డబ్బున్న పరిశ్రమ. ‘కౌంటీ జడ్జి’ కూడా మనం అనుకునే జడ్జి కాదు, కౌంటీ పాలన చూసే పెద్ద. చివర్లో ‘ప్రపోజిషన్లు’ వస్తాయి. అవి చట్టాలు కావు, పార్టీ తన ఓటర్ల అభిప్రాయం అడగడమే. 2024లో రిపబ్లికన్ బ్యాలెట్ మీద అలాంటివి 13 ఉన్నాయి. టైమ్ లేకపోతే వదిలేయండి.

‘ప్రిసింక్ట్ చైర్’ అన్న చిన్న పదవిని మాత్రం వదిలేయకండి. ప్రిసింక్ట్ అంటే ఓటింగ్ కోసం కౌంటీని విడగొట్టిన చిన్న ప్రాంతం. దాని చైర్ అంటే మీ పేటలో పార్టీ పని నడిపే మనిషి అన్నమాట. చాలాచోట్ల పోటీయే ఉండదు. పార్టీలోకి అడుగు పెట్టాలనుకునే మనవాళ్లకు అన్నిటికన్నా దగ్గరి గుమ్మం అదే.

మీ కౌంటీ ఎన్నికల సైట్‌లో మీ పేరు కొడితే నమూనా బ్యాలెట్ వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి, ఎవరికి వేయాలో గుర్తులు పెట్టుకోండి. ప్రింట్ ఎందుకంటే, ఓటు వేసే చోటికి 100 అడుగుల లోపల ఫోను వాడనివ్వరు. కాగితం తీసుకెళ్లవచ్చు. అభ్యర్థి పేరున్న టీషర్టు, టోపీ కూడా ఆ గీత బయటే.

ఓటు వేయడం

ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరి 17 నుంచి 27 వరకు. ఆ రోజుల్లో మీ కౌంటీలో ఏ కేంద్రానికైనా వెళ్లవచ్చు. నా సలహా అడిగితే ఈ రోజుల్లోనే వేసేయండి. మార్చి 3న ఉదయం 7 నుంచి రాత్రి 7 వరకు పోలింగ్ ఉంటుంది. ఏడింటికి వరసలో నిలబడి ఉంటే వేయనివ్వాలి. ఆ రోజు చాలా కౌంటీల్లో ఎక్కడైనా వేయవచ్చు గానీ, టెక్సస్‌లో ప్రైమరీ నడిపేది పార్టీలే కాబట్టి, వాళ్లు విడివిడిగా జరుపుకుంటామంటే మీ ప్రిసింక్ట్ కేంద్రానికే వెళ్లాల్సి రావచ్చు. బయల్దేరే ముందు చిరునామా చూసుకోండి.

ఇంగ్లిష్ చదవలేని పెద్దవాళ్లకు సాయం చేయడానికి వాళ్లు కోరినవాళ్లను వెంట తీసుకెళ్లవచ్చు. యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదు. ఈ హక్కు గట్టిపడడంలో మన దేశపు తల్లి ఒకావిడ పాత్ర ఉంది. 2014లో విలియమ్సన్ కౌంటీలో ఒక బెంగాలీ తల్లి కొడుకును అనువాదానికి తెచ్చుకుంటే, అతను వేరే కౌంటీ ఓటరన్న కారణంతో ఒప్పుకోలేదు. కేసు నడిచింది. 2017లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ తల్లి వైపే తీర్పు ఇచ్చింది. టెక్సస్‌లో తెలుగు బ్యాలెట్ లేదు కాబట్టి అమ్మమ్మల కోసం ఇది గుర్తుంచుకోవాలి. సాయం చేసేవాళ్లు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి.

పోస్టు ఓటు అందరికీ ఉండదు. 65 నిండినవాళ్లు, ఆరోగ్యం బాగాలేనివాళ్లు, ఓటింగ్ రోజులన్నీ కౌంటీలో లేనివాళ్లు, మూడు వారాల్లోపు ప్రసవం ఉన్నవాళ్లు అడగవచ్చు. దరఖాస్తు ఫిబ్రవరి 20కల్లా కౌంటీకి చేరాలి, అందులో పార్టీ గడి నింపాలి. లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలో దరఖాస్తు మీదా, బ్యాలెట్ కవరు మీదా రాయాలి. ఈ నిబంధన కొత్తగా వచ్చిన 2022 ప్రైమరీలో 24 వేలకు పైగా పోస్టు ఓట్లు తిరస్కరించారు. దాదాపు ఎనిమిదింట ఒకటి పోయినట్టు! ఆ నంబరు మీ నమోదు ఫైలులో ఉన్నదే కావాలి. ఏది ఇచ్చారో గుర్తులేకపోతే రెండూ రాసేయండి.

మేలో మళ్లీ

టెక్సస్ ప్రైమరీలో సగానికి మించి ఓట్లు వస్తేనే గెలుపు. ఎవరికీ రాకపోతే మొదటి ఇద్దరికీ మే 26న రన్ఆఫ్ ఉంటుంది. 2012లో రిపబ్లికన్ సెనేటు పోటీలో లెఫ్టినెంట్ గవర్నరు డేవిడ్ డ్యూహర్స్ట్‌కు దాదాపు 45 శాతం, టెడ్ క్రూజ్‌కు 34 శాతం వచ్చాయి. మొదటి విడతలో 14 లక్షల మంది ఓటేస్తే రన్ఆఫ్‌కు వచ్చింది 11 లక్షల మందే. క్రూజ్ వెంట ఉన్నవాళ్లు వచ్చారు, ఆయన గెలిచారు. 2022లో లరేడో వైపు డెమోక్రటిక్ రన్ఆఫ్‌లో హెన్రీ క్వేయార్ 289 ఓట్లతో బయటపడ్డారు. ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో అంతమంది ఓటర్లు ఉంటారు.

మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో వేసినవాళ్లు మేలో రెండో పార్టీ రన్ఆఫ్‌లో వేయకూడదు. మార్చిలో అసలు వేయనివాళ్లు మాత్రం మేలో ఏదో ఒకదాంట్లో వేయవచ్చు. ఇంకా ఓటరుగా నమోదు కానివాళ్లకు గడువు ఏప్రిల్ 27.

మనవాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. స్కూళ్లు మూతపడగానే ఇండియా ప్రయాణాలు మొదలయ్యేది సరిగ్గా ఆ రోజుల్లోనే. రన్ఆఫ్ ముందస్తు ఓటింగ్ మే 18 నుంచి 22 వరకు ఉంటుంది. ఫ్లైట్ 23న అయితే సూట్‌కేసులు తూకం వేసుకునే ముందు ఓటు వేసేయవచ్చు. 17నే బయల్దేరుతుంటే పోస్టు బ్యాలెట్ దరఖాస్తు మే 15కల్లా కౌంటీకి చేరాలి. దరఖాస్తులో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఇంటి చిరునామా ఇస్తే బ్యాలెట్ అక్కడికే వస్తుంది. అయితే పోస్టుకు పట్టే రోజులు లెక్కపెట్టుకుని ఏప్రిల్‌లోనే పంపండి.