కామా చోట ఫుల్‌స్టాప్ పెట్టి చూడండి

ఆఫీసుకి లీవ్ మెయిల్ రాసేటప్పుడు మనలో చాలామంది ఇలా రాస్తాం: "ఐ యామ్ నాట్ ఫీలింగ్ వెల్, ఐ విల్ టేక్ లీవ్ టుడే." అర్థమవుతుంది, లీవూ దొరుకుతుంది. కానీ ఆ కామా తప్పు. దేనికది నిలబడగలిగే రెండు వాక్యాల్ని ఉత్త కామాతో అతికించేస్తే దాన్ని కామా స్ప్లైస్ అంటారు.

మన కంటికి ఇది ఆనకపోవడానికి కారణం ఉంది. "ఒంట్లో బాలేదు, ఇవాళ రాను" అని తెలుగులో రాస్తే ఎవరూ తప్పు పట్టరు. పైన నేను "అర్థమవుతుంది, లీవూ దొరుకుతుంది" అన్నది కూడా అలాంటిదే. ఆ అలవాటే ఇంగ్లిష్‌లోకీ వచ్చేస్తుంది.

పట్టుకోవడం తేలికే. కామా తీసేసి అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టి, రెండు ముక్కల్నీ విడివిడిగా పైకి చదవండి. రెండూ పూర్తి వాక్యాల్లా వినిపిస్తే అది స్ప్లైసే. "వెన్ ఐ రీచ్డ్ ది స్టేషన్, ది ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్" తీసుకోండి, మొదటి ముక్క "నేను స్టేషన్‌కి వెళ్లేసరికి..." అని మధ్యలో ఆపేసినట్టుంటుంది కాబట్టి ఇక్కడ కామా సరైనదే.

సరిచేయడానికి అన్నిటికన్నా సులువు ఫుల్‌స్టాప్. రెండు ముక్కలకీ దగ్గరి సంబంధం ఉంటే సెమీకోలన్ పెట్టొచ్చు, కాకపోతే లీవ్ మెయిల్‌లో సెమీకోలన్ కాస్త అతిగా ఉంటుందని నా అభిప్రాయం. కామా ఉంచాలనుకుంటే దాని తర్వాత "సో" చేర్చండి: "ఐ యామ్ నాట్ ఫీలింగ్ వెల్, సో ఐ విల్ టేక్ లీవ్ టుడే." లేదా మొదట్లో "సిన్స్" పెట్టండి. అంతేగానీ "సిన్స్", "సో" రెండూ ఒకే వాక్యంలో వద్దు, ఒకటి చాలు.

అసలు చిక్కంతా "హవెవర్"తోనే. "బట్" లాంటిదే కదా అని "ఐ కాల్డ్ హిమ్, హవెవర్ హి డిడ్ నాట్ ఆన్సర్" అని రాసేస్తాం. కామాతో కలిసి రెండు వాక్యాల్ని కలపగలిగేవి అండ్, బట్, సో, ఆర్, నార్, ఫర్, యెట్, ఈ ఏడే. హవెవర్, దేర్‌ఫోర్, దెన్ ఈ లిస్టులో లేవు. అందుకే హవెవర్‌కి ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో పెట్టి, దాని తర్వాత కామా పెట్టాలి.

ఇంకోటి, "ప్లీజ్ చెక్ ది ఫైల్, లెట్ మీ నో" కూడా స్ప్లైసే. "యు" అనే కర్త పైకి కనపడదు గానీ రెండూ పూర్తి వాక్యాలే. మధ్యలో "అండ్" పెడితే సరిపోతుంది.

"ఇట్స్ కోల్డ్, ఇజంట్ ఇట్?" లాంటివాటిని మాత్రం ముట్టుకోకండి, అక్కడ కామానే ఉండాలి. "ఐ కేమ్, ఐ సా, ఐ కాంకర్డ్" లాంటి పొట్టి పొట్టి వరసల్ని కూడా ఎవరూ తప్పు పట్టరు.