అనిలిన్ సీసా మూత తీసే ముందు

రంగుల తయారీలో వాడే విషపూరిత ద్రవమైన అనిలిన్ ఆవిరిగా పీల్చినప్పుడే కాక చర్మం గుండా కూడా సులభంగా రక్తంలోకి చేరి, హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారుస్తుంది కనుక, ముక్కుకు రక్షణ ఉంటే చాలని ఎవరూ భావించకూడదు. పలుచని నైట్రైల్ చేతి తొడుగులను నమ్ముకోకుండా బ్యూటైల్ రబ్బరు తొడుగులు, రక్షణ కళ్లద్దాలు ధరించి, ఆవిరులను బయటకు లాగే ఫ్యూమ్ హుడ్ పనిచేస్తున్నదని స్వయంగా చూసుకున్న తరువాతే మూత తీయాలి. తోలు బూట్లు అసలు వద్దు; ఒలికిన ద్రవాన్ని తోలు పీల్చుకుంటే కడిగినా పోదు. మంటను, నైట్రిక్ ఆమ్లాన్ని దూరంగా ఉంచాలి.

ఒంటిపై పడితే తడిసిన బట్టలను వెంటనే విప్పి, సబ్బునీటితో కనీసం 15 నిమిషాలు కడగాలి. పెదవులు, గోళ్లు నీలంగా మారడం కొన్ని గంటల తరువాత కూడా మొదలుకావచ్చు కాబట్టి, బాగానే ఉన్నట్లు అనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి. విరుగుడుగా ఇచ్చే మిథిలీన్ బ్లూ జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవారికి హాని చేయగలదు. ఆ లోపం ఉంటే వైద్యునికి ముందే చెప్పాలి.