ఈత కొలను మనమే చూసుకుందాం – 4వ పాఠం: పంపు చప్పుడు

పోయిన పాఠంలో ఫిల్టర్ బ్యాక్‌వాష్ నేర్చుకున్నాం. ఈసారి పంపు దగ్గరికి వద్దాం. కొత్తగా కొలను కట్టించుకున్నవాళ్లకు టెన్షన్ పెట్టేది ఎక్కువగా ఇదే. పంపు ఉన్నట్టుండి గరగరలాడుతుంది, మోటారు కాలిపోతుందేమోనని గుండె గుభేలుమంటుంది. నిజానికి చాలాసార్లు మోటారుకు ఏమీ కాదు. పంపుకు నీళ్లు సరిగా అందక అరుస్తుంది. అందుకే ముందు నీళ్లు చూడాలి, తర్వాత గాలి, ఆఖరికి మోటారు. ఈ వరస తప్పితే బాగున్న మోటారును విప్పించి డబ్బు పోగొట్టుకుంటాం.

మన సీమలో బోరు మోటారు సంగతి తెలియనివాళ్లు తక్కువ. ఆ అనుభవమే ఇక్కడ కాస్త దారి తప్పిస్తుంది. సబ్‌మెర్సిబుల్ నీళ్లలో మునిగి ఉండి పైకి తోస్తుంది. కొలను పంపు అలా కాదు, బయట ఉండి పైపులోంచి నీళ్లను లాక్కోవాలి. లాక్కునే ఆ దారిలో ఎక్కడ అడ్డు పడినా, ఎక్కడ సందు ఉన్నా మొదట తెలిసేది చప్పుడుతోనే.

కాబట్టి ముందు కొలను గట్టు మీదికి వెళ్లి నీటి మట్టం చూడండి. కొలను గోడలో ఉండి పైన తేలే చెత్తను నీళ్లతో పాటు లాక్కునే పెట్టెను స్కిమ్మర్ అంటారు, దాని నోటికి సగం ఎత్తు దాకా నీళ్లుండాలి. అనంతపురం, కడప ఎండల్లో, ఆ వడగాలికి నీళ్లు ఎప్పుడు తగ్గాయో తెలియదు. మట్టం స్కిమ్మర్ కిందికి పోయిందంటే పంపు నీళ్లతో పాటు గాలినీ గుటకలు వేస్తుంది. నీళ్లు నింపితే చప్పుడు పోయిందా, ఇక వెతకనక్కర్లేదు.

మట్టం సరిగానే ఉంటే బుట్టలు చూడాలి. స్కిమ్మర్‌లో ఒకటి, పంపు ముందు పారదర్శకమైన మూత కింద ఇంకొకటి ఉంటాయి. వేపచెట్టు ఆకు రాల్చే రోజుల్లో పొద్దున శుభ్రం చేసిన బుట్ట సాయంత్రానికి నిండిపోతుంది. మూత తీసే ముందు ఎంసీబీ (పంపుకు కరెంటు ఇచ్చే ట్రిప్ స్విచ్) ఆపండి. పంపు కొలను మట్టం కన్నా కింద గుంతలో ఉంటే రెండు వైపులా వాల్వులు మూయండి, లేకపోతే గది నీళ్లమయమే. బుట్ట కడిగి పెట్టాక పంపు నోటి నిండా నీళ్లు పోసి, మూత బిగించి, వాల్వులు మళ్లీ తెరిచాకే స్విచ్ వేయండి. నీళ్లు లేకుండా తిరిగితే, పంపు నీళ్లు మోటారు వైపు కారకుండా ఆపే మెకానికల్ సీల్ కొద్దిసేపట్లోనే కాలిపోతుంది.

ఇప్పుడు గాలి సంగతి. పంపు తిరుగుతుండగా మూతలోంచి చూడండి. బుడగలు ఆగకుండా తిరుగుతున్నా, కొలనులోకి నీళ్లు వచ్చే రంధ్రాల దగ్గర బుడగలు వస్తున్నా, పంపుకు ముందు ఎక్కడో గాలి దూరుతోందన్నమాట. మొదటి అనుమానం మూత కింది రబ్బరు రింగు, అంటే ఓ-రింగ్ మీద. ఒక మగ్గు నీళ్లు తీసుకుని మూత అంచు చుట్టూ మెల్లగా పోయండి, మోటారు మీద మాత్రం చుక్క పడకూడదు. పోస్తున్న ఆ కాసేపు చప్పుడు తగ్గి, బుడగలు పలచబడితే దొంగ దొరికినట్టే. కడప శివారులో ఒక తోటలో చూశాను: ఓ-రింగ్ గాడిలో ఒకే ఒక్క వేపాకు ఈనె అడ్డంగా పడి ఉంది. వేలితో తడిమితే గానీ తెలియనంత సన్నది. అది తీసేసి, గాడి తుడిచి, రింగుకు సిలికాన్ గ్రీజు రాసి మూత బిగిస్తే పంపు సద్దుమణిగింది. వాజెలిన్, ఇంజిన్ ఆయిల్ రాయకండి, వాటికి కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. రింగు బాగుంటే అదే మగ్గుతో వాల్వు కాడ దగ్గర, పైపు జాయింట్ల మీద వరసగా పోస్తూ పోండి.

బుడగలు పెద్దగా లేవు, కానీ లోపల కంకర వేసి తిప్పినట్టు చప్పుడు. దీన్ని కావిటేషన్ అంటారు. నీళ్లు చాలక ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రెక్కల చక్రం) దగ్గర ఒత్తిడి బాగా పడిపోతుంది, నీళ్లు వేడెక్కకుండానే ఆవిరి బుడగలవుతాయి, అవి మళ్లీ ఇంపెల్లర్ మీదే పేలి దాన్ని తినేస్తాయి. పరీక్ష తేలిక: పంపు తర్వాతి వాల్వును కొద్దిగా మూయండి. చప్పుడు తగ్గితే ఇదే జబ్బు. పంపుకు ముందుండే వాల్వును మాత్రం మూయకండి, ఇంకా ముదురుతుంది. ఆ వాల్వు పూర్తిగా తెరిచి ఉందా, పైపులో ఏమైనా ఇరుక్కుందా చూడండి. అన్నీ బాగుండి కూడా పోకపోతే పైపు సన్నదై ఉండాలి, లేదా పంపు మరీ పెద్దదై ఉండాలి. హార్స్‌పవర్ ఎక్కువైతే మంచిదనే నమ్మకం మనలో బలంగా ఉంది. సన్నపైపుకు పెద్ద పంపు తగిలిస్తే కరెంటు బిల్లు, చప్పుడు రెండూ పెరుగుతాయి.

నీళ్లూ గాలీ చూశాక మిగిలింది మోటారు. స్విచ్ వేస్తే తిరగకుండా గుయ్యిమంటోందంటే వెంటనే ఆపండి, అలా వదిలితే వైండింగ్ కాలుతుంది. వోల్టేజీ పడిపోయి ఉండొచ్చు, ఇంపెల్లర్‌లో రాయి ఇరుక్కుని ఉండొచ్చు, సింగిల్ ఫేజ్ మోటారైతే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత చార్జి మిగిలే ఉంటుంది, దాని జోలికి మీరు పోవద్దు, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తిరుగుతూనే కీచుమని అరుస్తూ, వాల్వు ఎలా తిప్పినా ఆ అరుపు మారకపోతే బేరింగులు పోయినట్టు. పంపుకూ మోటారుకూ మధ్య కింద తడి కనిపిస్తే సీల్ కారుతోంది, ఆ నీళ్లే బేరింగును తుప్పు పట్టించి ఉంటాయి. అప్పుడు బేరింగులు ఒక్కటే మార్పించడం దండగ, సీల్ కూడా అప్పుడే మార్పించండి.

పంపు అడుగున కడప బండ వేయడం మన దగ్గర మామూలే. బండ కింద బోలుగా ఉంటే చిన్న అదురు కూడా గదంతా మోగుతుంది. బండను తట్టి చూడండి, బోలు శబ్దం వస్తే కింద సిమెంటు నింపించి, పంపు కింద రబ్బరు షీటు వేసి బోల్టులు బిగించండి. చప్పుడు వినబడకూడదని మోటారుకు గోనెసంచి కప్పడం, రేకుల పెట్టెలో మూసేయడం మాత్రం వద్దు. మన ఎండలకు దానికి గాలి ఆడకపోతే నిజంగానే కాలిపోతుంది.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. బుట్టలు శుభ్రంగా, మట్టం సరిగ్గా ఉన్న రోజు పంపు చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసి, ఫిల్టర్ మీది ప్రెషర్ గేజ్ రీడింగును రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో సీల్ మార్పిడి చూద్దాం, ఆ రీడింగు అక్కడ అవసరం పడుతుంది.