నల్లా పని నేర్చుకుందాం – ఐదో పాఠం: నీళ్లు ఎదురు నడిస్తే

పోయిన పాఠంలో ఫెర్రూల్ (గల్లీ పైపు నుంచి మన కనెక్షన్ తీసే ముక్క) నుంచి మీటర్ దాకా పైపు బిగించి, మీటర్ తర్వాత జానెడు జాగా ఖాళీగా వదలమన్నాను. ఆ జాగా ఎందుకో ఇవాళ తెలుస్తుంది.

ముందు ఒక పరీక్ష. రేపు నీళ్లు బంద్ అయిన ఐదు నిమిషాలకు వాకిట్లో నల్లా పూర్తిగా తెరిచి, దాని మూతికి తడి అరచెయ్యి ఆనించండి. పల్లంలో ఉన్న ఇళ్లలో ఏమీ తెలియదు, ఇంకా కాసిన్ని నీళ్లు కారుతుంటాయి కూడా. హన్మకొండలో గుట్టల వాలు మీది ఇళ్లలో అయితే అరచేతి తోలును నల్లా లోపలికి పీలుస్తుంది. చెయ్యి తీస్తే టప్పుమని చప్పుడు. చెయ్యికి బదులు చెంబుతో రంగునీళ్లు పెట్టి చూద్దామని మాత్రం అనుకోకండి. ఆ రంగు కింది గల్లీలో ఎవరి బిందెలోనో తేలుతుంది.

జరిగేది ఇది. లైన్‌మన్ వాల్వు బంద్ చేశాక పైపుల్లో మిగిలిన నీళ్లు పల్లానికి జారుతాయి. అవి జారిన చోట పైపు ఊరికే ఖాళీగా ఉండదు, తెరిచి ఉన్న ప్రతి దారి నుంచీ లాక్కుంటుంది. గాలి అందితే గాలి, నీళ్లు అందితే నీళ్లు. దీన్నే బ్యాక్ సైఫనేజ్ అంటారు. రోజంతా నీళ్లుండే ఊళ్లలో ఇది ఎప్పుడో పెద్ద పైపు పగిలినప్పుడో, ఫైరింజన్ నీళ్లు తోడినప్పుడో జరుగుతుంది. కాసేపు వచ్చి పోయే నల్లాతో బతికే చోట మాత్రం నల్లా బంద్ అయిన ప్రతిసారీ జరగొచ్చు.

శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాలువ పట్టుకొని ధర్మసాగరం చేరి, ఫిల్టర్ బెడ్లు దాటి, క్లోరిన్ కలుపుకొని మన గల్లీ దాకా వస్తాయి. తాగునీటికి ఉన్న ఐ.ఎస్. 10500 ప్రమాణం ప్రకారం లీటరు నీళ్లలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దారిలో తగిలే చిన్నాచితకా క్రిములకు ఆ కాస్త సరిపోతుంది గాని, బకెట్ల కొద్దీ వెనక్కి వచ్చిన మురికికి ఏం సరిపోతుంది?

మే నెలలో ఏ ఇంటికైనా పోయి చూడండి. కిటికీ దగ్గర కూలర్, నల్లా నుంచి దానికి పచ్చ పైపు. పైపు కొస కూలర్ తొట్టి అడుగున, నాచు పట్టిన నీళ్లలో మునిగి ఉంటుంది. నల్లా తెరిచే ఉంది, ఎందుకంటే మళ్లీ వచ్చినప్పుడు దానంతటదే నిండాలని. లైన్ పీల్చిందంటే ముందు పోయేది ఆ కూలర్ నీళ్లే. పత్తి చేనుకు మందు కలిపే డ్రమ్ములోకి నల్లా పైపు వదిలే ఊళ్లూ ఉన్నాయి. అక్కడ పీలిస్తే పోయేది నాచు నీళ్లు కాదు.

దీనికి మందు పైసా ఖర్చు లేనిది: ఎడం. ప్లంబింగ్ పుస్తకాల్లో ఎయిర్ గ్యాప్ అంటారు. నీళ్లు పోసే మూతికీ, కింది పాత్ర అంచుకూ మధ్య గాలి ఉండాలి, అంతే. ఎంత ఎడం? పైపు లోపలి వెడల్పుకు రెండింతలు. అర అంగుళం నల్లాకు ఒక అంగుళం, అంగుళం పైపుకు రెండు. ఎంత సన్న పైపైనా అంగుళానికి తగ్గొద్దు. మూతి గోడను ఆనుకొని ఉంటే మూడింతలు పెట్టండి. టేపు లేకపోతే రెండు వేళ్లు అడ్డంగా పెట్టి చూడండి, అర అంగుళం నల్లాకు అది చాలు. కొత్తవాళ్లు తప్పు చేసేది కొలిచే చోటులో. ఇప్పుడున్న నీటి మట్టం నుంచి కాదు, నీళ్లు నిండి పొర్లే అంచు నుంచి కొలవాలి. సంపులో నల్లా మూతిని అడుగు దాకా దించి, "నీళ్ల చప్పుడు రావొద్దని పెట్టినం" అనే మేస్త్రీలున్నారు. ఆ చప్పుడు రావాలి. నీళ్లు ఎడం నుంచి పడుతున్నాయని చెప్పేది అదే.

ఎడం పనికిరాని చోటు ఒకటుంది: నల్లా గుంత. ప్రెషర్ చాలక వాకిట్లో రెండడుగులు తవ్వి, అందులో నల్లా పెట్టుకోవడం మనకు అలవాటు. బిందె నిండుతుంది నిజమే. గిన్నెలు తోమిన నీళ్లు, వాన నీళ్లు, పక్క మోరీ ఊట కూడా ఆ గుంతలోనే నిండుతాయి. నల్లా మూతి వాటిలో మునిగిందంటే ఎడం లేనట్టే. 2023 జూలై వానలకు హన్మకొండ కాలనీలు మునిగినప్పుడు గుంత నల్లాలు, రోడ్డు మట్టానికున్న సంపులు ఏమై ఉంటాయో మీరే ఊహించుకోండి.

ఇది మన ఊరి గొడవే అనుకోకండి. 1969లో అమెరికాలోని వూస్టర్‌లో హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో దాదాపు అందరికీ కామెర్ల జబ్బు పాకింది. మైదానానికి నీళ్లిచ్చే దారిలో నల్లాలు గుంతల్లో ఉండేవి, పిల్లలు వాటిలో ఆడుకునేవాళ్లు. దగ్గర్లో ఇల్లు అంటుకుంటే ఆర్పడానికి నీళ్లు బాగా తోడారు, లైన్లో ప్రెషర్ పడిపోయింది, గుంతల నీళ్లు పైపులోకి పోయాయి. ఆటగాళ్లు ఆ నీళ్లే తాగారు. ఆ ఏడాది వాళ్ల ఆట రెండు మ్యాచ్‌లతో ఆగిపోయింది. అందుకని గుంత తప్పకపోతే నల్లా మూతికి గట్టి మూత పెట్టండి, నీళ్లు బంద్ అయిన వెంటనే నల్లా కట్టేయండి. సంపు కట్టించి నల్లాను నేల మీదికి తెస్తే ఇంకా మేలు. ఇక నల్లాకు నేరుగా మోటర్ పెట్టి లాగడం గురించి చెప్పేదేముంది, మీ మోటర్ గల్లీ లైన్ మొత్తాన్ని పీలుస్తుంది. ఎక్కడ పైపుకు కన్నముంటే అక్కడి మోరీ నీళ్లు ముందు మీ ఇంటికే వస్తాయి.

ఇప్పటిదాకా పీల్చడం. రెండోది నెట్టడం, బ్యాక్ ప్రెషర్. ఇది నేను చేతులారా చేసి నేర్చుకున్నాను.

పని నేర్చిన కొత్తలో ఒక ఇంట్లో బోరు లైన్‌ను, నల్లా లైన్‌ను ఒకే టీ (మూడు మూతుల జోడింపు ముక్క) పెట్టి కలిపాను. రెండూ మూడో అంతస్తు ట్యాంకుకే పోవాలి, రెండు పైపులెందుకని. మధ్యలో ఒక గేట్ వాల్వు. నెల తిరక్కుండానే ఇంటాయన పిలిచాడు: ఇరవై నిమిషాల్లో నిండే ట్యాంకు ముప్పావు గంటైనా నిండట్లేదు, కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేలుమంటున్నది. మోటర్ పోయిందన్నాను. రెండు వందల అడుగుల పైపు పైకి గుంజాం. మోటర్ నిక్షేపంగా ఉంది. చెమట తుడుచుకుంటుంటే పక్కింటి పెద్దమ్మ ప్రహరీ మీంచి తొంగి చూసి, "మీ పని మంచిగున్నది బిడ్డా, మా నల్లా ఇప్పుడు పొద్దుమాపు వస్తున్నది, జరంత చవుడు అనిపిస్తది గంతే" అన్నది.

వాల్వు విప్పితే గేటు దిగే గాడిలో కంది గింజంత కంకర, దాని చుట్టూ తెల్ల టేపు పోగు. గేటు పూర్తిగా దిగలేదు. బోరు నీళ్లు ఆ సందులోంచి గల్లీ లైన్లోకి పోయి, పెద్దమ్మ ఇంట్లో తేలాయి. లెక్క చూడండి: పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ ప్రెషర్. ట్యాంకు పన్నెండు మీటర్ల ఎత్తున ఉంటే కింద టీ దగ్గర ఒకటిం పావు కేజీ దాకా నొక్కుతుంది, బోరు మోటర్ నడిస్తే ఇంకా ఎక్కువ. నల్లా బంద్ అయ్యాక గల్లీ లైన్లో ఉండేది సున్నా. నీళ్లు ఎటు పోతాయో వేరే చెప్పాలా? ఆ టీ ఆ రోజే కోసేశాను. రెండు పైపులు విడివిడిగా పైదాకా తీసుకుపోయి, ట్యాంకు అంచు మీద ఎడంతో వదిలాను. పైపు ఖర్చు నా జేబులోంచే పోయింది.

జానెడు జాగా సంగతికి వద్దాం. అందులో నాన్ రిటర్న్ వాల్వు, అంటే నీళ్లను ఒక్క దిక్కుకే పోనిచ్చే వాల్వు, కూర్చుంటుంది. ఇత్తడి ఒంటి మీద బాణం గుర్తు నీళ్లు పోయే దిక్కుకు ఉండాలి. రెక్క రకమైతే అడ్డ పైపులో మూత పైకి ఉండేట్టు బిగించండి. నిలువు పైపులో పెట్టాల్సి వస్తే నీళ్లు పైకి పోయే చోటనే. రెండు పక్కలా యూనియన్లు (పైపు కోయకుండా విప్పి బిగించే జోడింపులు) పెట్టకపోతే కంకర ఇరికినప్పుడు పైపు కోయాల్సి వస్తుంది. ఇరకడం ఖాయం, ఎప్పుడన్నదే తెలియదు. అందుకే ఒక్క నాన్ రిటర్న్ వాల్వును నమ్ముకొని ఎడం వదిలేయడం నాకు నచ్చదు. ముందు ఎడం, దానికి తోడుగా వాల్వు.

విషం కలిసే చోట్లకు ఇదీ చాలదు. డయాలసిస్ గదులు, మందుల ఫ్యాక్టరీలు, కొత్తవాడ దర్రీల నూలుకు రంగులేసే తొట్లు. ఇలాంటి చోట్ల ఎడం పెట్టే వీలు లేకపోతే రెండు చెక్ వాల్వులు (నాన్ రిటర్న్ వాల్వుకే ఇంకో పేరు), లైన్ ప్రెషర్ వాటి మధ్య ప్రెషర్ దగ్గరికి పడిపోగానే మధ్య నీళ్లను బయటికి వదిలే ఇంకో వాల్వు కలిసిన ఆర్.పి.జెడ్. (రెడ్యూస్డ్ ప్రెషర్ జోన్) సామాను వాడతారు. అది నేల మీద, మునగని చోట ఉండాలి. దాన్నుంచి నీళ్లు ఆగకుండా కారుతున్నాయని బిరడా కొట్టే మహానుభావులున్నారు. లోపల చెక్ వాల్వు పాడైందని అది చెబుతున్న మాట అది. ఏడాదికోసారి గేజ్‌తో పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష ఆరో పాఠంలో.

ఇంటి పని: మీ గల్లీలో మూడు ఇళ్లు చూసి నోటుబుక్కులో రాయండి. నల్లా మూతికి, పాత్ర అంచుకు ఎంత ఎడం, బోరు నల్లా ఎక్కడైనా కలిశాయా, గుంత ఉందా. నాన్ రిటర్న్ వాల్వు ఉన్న ఇల్లు దొరికితే, నల్లా బంద్ అయ్యాక ఇంట్లో ట్యాంకు నిండుగా ఉండగా వాల్వుకు రోడ్డు వైపు యూనియన్ వదులు చేయండి. పైపులో మిగిలిన నీళ్లు కారి ఆగిపోతే వాల్వు పట్టినట్టు. పది నిమిషాలైనా సన్నధార ఆగకపోతే విప్పి చూడండి, కంది గింజ దొరుకుతుంది.