రెండో ఏడాదిలో చేరుతున్నారా? హాస్టలా, రూమా తేల్చుకునే ముందు

డిప్లొమా అయ్యాక ఈసెట్ (ఇంజినీరింగ్ రెండో ఏడాదికి ప్రవేశ పరీక్ష) రాసి విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో నేరుగా రెండో ఏడాదిలోకి వస్తుంటే, ముందు హాస్టల్ సీటు సంగతి కాగితం మీద చూసుకోండి. "వస్తుందిలే" అన్న మాట నమ్మి రూమ్ వదులుకోవద్దు.

మద్దిలపాలెం, పెదవాల్తేరు వైపు రూమ్ చూస్తే రాత్రి తొమ్మిదికి కూడా ఓసారి ఆ వీధిలో నడవండి. నీళ్లు ఎన్నింటికి వస్తాయో ఓనర్ని కాదు, కింది వాటాలో ఉన్నవాళ్లని అడగండి. సముద్రం దగ్గరైతే గడియలు, కిటికీ ఊచలు గట్టిగా లాగి చూడాలి, ఉప్పుగాలికి తుప్పుపట్టిన మా బాత్రూమ్ గడియ మొదటి వారమే చేతిలోకి ఊడొచ్చింది, నేను లోపలుండగా!

అద్దెకి కరెంటు, ఆటో, తిండి కలిపి లెక్కేయండి. అడ్వాన్స్‌లో పెయింటింగ్‌కి ఎంత కోస్తారో రాయించుకోండి. హాస్టలైతే గేటు టైమూ, మెస్ బిల్లూ కనుక్కుంటే చాలు.