తెర ముందు ఎవరూ కూర్చోకుండా వర్డ్ ఫైళ్లను పీడీఎఫ్‌గా మార్చడం ఎలా?

హనుమకొండ కోచింగ్ సెంటర్ల ధ్రువపత్రాలైనా, ఎనుమాముల మార్కెట్లో అడ్తిదారులు రైతులకిచ్చే తక్‌పట్టీలనే అమ్మకపు చీటీలైనా, టెంప్లేటు ఒకటే ఉండి పేర్లూ అంకెలూ మాత్రమే మారే కాగితాలను ఒక్కొక్కటిగా తెరిచి పీడీఎఫ్‌గా భద్రపరచడం మనిషి చేయవలసిన పని కాదు. దాన్ని ప్రోగ్రాముకు అప్పగించడం కష్టం కాదు గాని, అప్పగించినవారిలో చాలామంది వచ్చిన పీడీఎఫ్‌ను తెరిచి చూడరు. వర్ధన్నపేట విద్యార్థి ఊరి పేరు స్థానంలో ఖాళీ డబ్బాలు ముద్రించి చేతికిచ్చాక గాని సంగతి బయటపడదు.

సామగ్రి, ఆదేశం

ఉబుంటు (లినక్స్) సర్వరు ఒకటి, అందులో వర్డ్ ఫైళ్లను తెరవగల ఉచిత ప్రోగ్రాము లిబ్రేఆఫీస్ రైటర్ ఉంటే చాలు. లిబ్రేఆఫీస్ 5.3 కంటే పాతది వాడకూడదు. 2017లో వచ్చిన ఆ సంచిక నుంచే అన్ని వేదికల మీదా అక్షరాల కూర్పును, అంటే వత్తులూ గుణింతాలూ సరిగ్గా అమర్చే పనిని, హార్ఫ్‌బజ్ అనే ఉపకరణం చూసుకుంటోంది. టెర్మినల్‌లో ఆంగ్ల అక్షరాల్లో సాఫీస్ అని రాసి, రెండు అడ్డగీతలతో హెడ్‌లెస్ (తెర లేకుండా నడవమని) అని, మళ్లీ రెండు అడ్డగీతలతో కన్వర్ట్-టు అని, దాని పక్కన పీడీఎఫ్ అని, ఆపైన రెండు అడ్డగీతలతో అవుట్‌డిర్ అని రాసి ఫలితం చేరవలసిన ఫోల్డరును, చివరన వర్డ్ ఫైలును పేర్కొనాలి. పైథాన్ నుంచైనా పీహెచ్‌పీ నుంచైనా నడిపించవలసింది ఈ ఒక్క వరుసనే. ఫైలు పేర్లలో ఖాళీలు ఉండకూడదు. పేరు అడ్మిషన్ నంబరే కావాలి, విద్యార్థి పేరు కాదు.

వర్డ్‌నే వెనకాల నడిపిస్తే సరిపోదా అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. మనిషి లేని చోట, సర్వరు మీద ఆఫీసు ప్రోగ్రాములను అలా నడిపించడాన్ని తాము సిఫారసు చేయబోమని మైక్రోసాఫ్టే రాసి పెట్టింది. ఏదో ఒక రాత్రి వర్డ్ ఒక ప్రశ్న అడుగుతూ చిన్న పెట్టె తెరుస్తుంది, అవుననడానికీ కాదనడానికీ అక్కడ ఎవరూ ఉండరు, తెల్లారేదాకా వరుస అక్కడే ఆగి ఉంటుంది. ఇక ఉచితంగా మార్చిపెట్టే వెబ్‌సైట్లకు ఇతరుల ధ్రువపత్రాలను ఎక్కించడం గురించి చర్చే అనవసరం.

ఫాంట్లు: పని చెడేది ఇక్కడే

కావలసిన ఫాంటు దొరకకపోతే లిబ్రేఆఫీస్ ఫిర్యాదు చేయదు. చేతికందిన మరో ఫాంటు వాడి, పని పూర్తయిందని చెప్పి ఊరుకుంటుంది. సర్వరులో తెలుగు ఫాంటు ఒక్కటీ లేకపోతే డబ్బాలు వస్తాయి, అది కనీసం కంటికి కనబడే తప్పు. వేరే తెలుగు ఫాంటు ఉన్నప్పుడు జరిగేది అంతకంటే ప్రమాదకరం: అక్షరాలన్నీ సరిగానే ఉంటాయి గాని వెడల్పు మారి వరుసలు జరుగుతాయి, ఒక్క పేజీలో ముగియవలసిన పత్రం తాలూకు సంతకం రెండో పేజీలో ఒంటరిగా తేలుతుంది. ఆంగ్లానికైతే కాలిబ్రీ కొలతలకు సరిగ్గా సరిపోయే కార్లిటో, టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్ ఉన్నాయి. తెలుగు ఫాంట్లైన గౌతమికో నిర్మలా యూఐకో ఆ సౌకర్యం లేదు. విండోస్‌తో వచ్చే ఆ ఫాంట్లను సర్వరుకు నకలు చేసుకోవడానికి లైసెన్సు కూడా ఒప్పుకోదు.

అందుచేత టెంప్లేటునే సర్వరులో ఉండే ఫాంటుతో తయారు చేయాలి, ఆ ఫాంటు నోటో సాన్స్ తెలుగు కావాలి. బమ్మెర పోతన పేరు మీద తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన 2000 ఫాంటు మీద ఓరుగల్లు వాళ్లకు మమకారం ఉండడం సహజమే, చదవడానికి అందంగానూ ఉంటుంది; కాని ధ్రువపత్రంలో పేరు బొద్దుగా రావాలి, నోటోలో బొద్దు అక్షరాలు విడిగా గీసి ఉన్నాయి.

టెంప్లేటులో ఫాంటు మార్చేటప్పుడు ఒక చిక్కుంది. వర్డ్ ఫైలు ఆంగ్లానికి ఒక ఫాంటునూ, తెలుగు వంటి సంక్లిష్ట లిపులకు మరో ఫాంటునూ వేర్వేరుగా రాసుకుంటుంది. పైన కనిపించే పెట్టెలో నోటో అని ఉన్నా, లోపల తెలుగు వాటాలో పాత గౌతమి మిగిలిపోయి ఉండవచ్చు. స్టైల్‌ను సవరించే చోట సంక్లిష్ట లిపుల వరుసలో కూడా పేరూ పరిమాణమూ సరిచూడాలి. డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో కొట్టించిన ఫైలైతే ఏ సవరణా పనికిరాదు, ఎందుకంటే అందులో ఉన్నది యూనికోడ్ తెలుగు కాదు, తెలుగు ముఖం తొడుక్కున్న ఆంగ్ల సంకేతాలు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఒకసారి ప్రూఫు చదివిన తర్వాతే దాన్ని టెంప్లేటుగా స్వీకరించాలి.

ఉబుంటులో ఫాంట్స్-నోటో-కోర్ అన్న ప్యాకేజీ ఎక్కించి, ఫాంట్ల జాబితాను తాజా చేసే ఎఫ్‌సీ-క్యాష్ నడిపించి, ఎఫ్‌సీ-మ్యాచ్ ఆదేశానికి టెంప్లేటులోని ఫాంటు పేరు ఇచ్చి చూడండి. అదే పేరు తిరిగి రావాలి. మరో పేరు వస్తే ముందుకు వెళ్లవద్దు. తర్వాత లక్ష్మి, రాష్ట్రం, పర్వతగిరి, స్టేషన్ ఘన్‌పూర్, జఫర్‌గఢ్ అన్న మాటలతో ఒక పరీక్ష ఫైలు మార్చండి. మొదటి రెండింటిలో వత్తు కింద వత్తు నిలవాలి. చివరి రెండింటిలో పొల్లు తర్వాత కనబడని విడదీసే గుర్తు ఉంది. అది పోతే మొదటిదాంట్లో నకారం కింద పావత్తు, రెండోదాంట్లో రకారం కింద గావత్తు చేరి ఊరి పేరే మారిపోతుంది. పీడీఎఫ్‌ఫాంట్స్ అనే ఆదేశం ఫైలులో నోటో పొదిగి ఉందో లేదో చెబుతుంది. అయితే పీడీఎఫ్ నుంచి పాఠాన్ని బయటికి తీసి పోల్చి తృప్తిపడకూడదు. పాఠం తప్పు లేకుండా వచ్చినా కాగితం మీద వత్తు విడిపోయి ఉండవచ్చు. పీడీఎఫ్‌టూపీపీఎంతో పేజీని బొమ్మగా మార్చి కంటితోనే చూడాలి, టెంప్లేటు మారిన ప్రతిసారీ చూడాలి.

రెండు ఫైళ్లు ఒకేసారి వస్తే

ఒకే ప్రొఫైలు ఫోల్డరుతో (లిబ్రేఆఫీస్ తన అమరికలను దాచుకునే చోటు) రెండు సాఫీస్‌లు నడిస్తే రెండోది ఏమీ చేయకుండానే నిశ్శబ్దంగా వెనుదిరగవచ్చు. ప్రతి పనికీ యూజర్ ఇన్‌స్టలేషన్ అనే అమరిక ద్వారా వేరే ప్రొఫైలు ఫోల్డరు ఇవ్వాలి, టైమౌట్ ఆదేశంతో ఒక గడువు పెట్టాలి, పని ముగిశాక ఆ ఫోల్డరును తుడిచివేయాలి. విఫలమైనప్పుడు కూడా, పని సవ్యంగా జరిగిందని చెప్పే సున్నా సంకేతంతో ముగిసే అలవాటు దీనికి ఉంది కనుక, ఆ సున్నాను నమ్మకుండా పీడీఎఫ్ నిజంగా పుట్టిందా, దాని పరిమాణం సున్నా కాకుండా ఉందా, పేజీల సంఖ్య టెంప్లేటుకు తగినట్టే ఉందా అని ప్రోగ్రామే పరిశీలించాలి. ఈ మూడూ సరిపోయిన ఫైలునే తాత్కాలిక ఫోల్డరు నుంచి విద్యార్థులు తెరిచే ఫోల్డరులోకి జరపాలి. సరిపోనిది అక్కడే ఉండి, దాని అడ్మిషన్ నంబరు లాగ్‌లో నమోదు కావాలి.