గోథే చెప్పిన ఆకుల వరుసను మీరే గీసి చూడండి

మొక్కల రూపాంతరం మీద జర్మన్ కవి గోథే 1790లో అచ్చు వేసిన చిన్న పుస్తకంలో 123 పేరాలున్నాయి, బొమ్మ ఒక్కటీ లేదు. గింజ మొలవగానే వచ్చే తొలి ఆకుల (బీజదళాల) నుంచి పూరేకులు, పుప్పొడి మోసే కేసరాల దాకా అన్నీ ఆకు అనే ఒకే అవయవం మెట్టుమెట్టుగా రూపం మార్చుకున్నవే అంటాడాయన. చదువుతున్నంతసేపూ తలూపాను, మూయగానే మరిచిపోయాను. పెన్సిల్ పట్టుకున్నాకే బుర్రకెక్కింది.

ఆవ మొక్క చాలు. కింది ఆకులు వెడల్పుగా, చీలికలతో, పొడుగు తొడిమతో ఉంటాయి. పైకి పోయేకొద్దీ చిన్నవై సన్నబడతాయి. చిక్కేమిటంటే, పూత వచ్చేసరికి బీజదళాలు రాలిపోతాయి, అడుగు ఆకులు పండిపోతాయి. కాబట్టి గింజల్ని ఒకేసారి కాకుండా రెండు వారాల తేడాతో రెండు విడతలుగా చల్లండి. అడుగు ఆకులు లేత మొక్క నుంచి, పైవి ముదురు మొక్క నుంచి తీసుకోండి. ఏ ఆకు ఏ మొక్కదో అంచున రాయడం మరవకండి. పాత మొక్కల పుస్తకాల బొమ్మల్లో ఒకే కొమ్మకు మొగ్గ, పువ్వు, కాయ కలిసి కనిపిస్తే, అదీ చాలాసార్లు ఇలా కూర్చినదే.

కోసే ముందే ప్రతి తొడిమకూ అంకె వేసిన కాగితం ముక్క కట్టండి. మొదటిసారి నేను ఆ పని చేయలేదు. ఆకులన్నీ సంచిలో కలిసిపోయాయి. కంటికి నచ్చినట్టు పేర్చి గీశాను. ఎంత నున్నటి వరుసో! తర్వాత ఇంకో మొక్కను కింది నుంచి లెక్కపెట్టి చూస్తే, ఐదో ఆకు మూడోదాని కంటే పెద్దది. నేను గీసింది మొక్కను కాదు, నా ఊహను.

అన్నీ ఒకే కొలతలో, ముందు అంచు, తర్వాత నడి ఈనె, ఆపైన పక్క ఈనెలు. వెలుగు ఎడమ పైమూల నుంచి. రంగుకు తొందరపడొద్దు: 1801లో ఆస్ట్రేలియా వైపు ఓడెక్కిన మొక్కల చిత్రకారుడు ఫెర్డినాండ్ బావర్ పెన్సిల్ గీతల మీద రంగులకు అంకెలు వేసుకుని, అసలు రంగులు తర్వాత తీరిగ్గా అద్దేవాడు. ఆకు వాడేలోపు మనకూ ఇదే దారి.

ఆకుల మధ్య బాణాలు గీయాలని చేయి లాగుతుంది. వద్దు. గోథే వరుస ఒకే మొక్క లోపలిది. కింది ఆకు పై ఆకుకు తాత కాదు. వంశం మాట వేరే చోట మొదలైంది: ఉష్ణరక్త జంతువులన్నీ ఒకే జీవతంతువు (ప్రాణమున్న సన్నని పోగు) నుంచి పుట్టి ఉంటాయా అని 1794లో చార్లెస్ డార్విన్ తాత ఎరాస్మస్ డార్విన్ అడిగాడు, 1809లో ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త లామార్క్ జంతువుల వంశాలు కొమ్మలుగా చీలే పట్టిక వేశాడు. వాళ్ల గీతల్ని ఈ కాగితం మీదికి తేకండి.

వరుస చివర కాస్త చోటు ఖాళీగా ఉంచి ఒక ముద్ద గులాబీ విప్పండి. లోపలి రేకుల్లో ఒకదాని అంచున పుప్పొడి తిత్తి అతుక్కుని ఉండొచ్చు: సగం రేకు, సగం కేసరం. గోథే వెతికింది ఇలాంటి తేడా పువ్వులనే. దొరికితే రెండింతలు పెద్దదిగా గీయండి.